హత్యాకథకు చోటిచ్చిన ఊరు

ఒకాయామాలో హకుబి లైన్ లోకల్ రైలెక్కి ఉత్తరంగా వెళ్తే, కురషికి దాటాక వచ్చే మొదటి స్టేషన్ కియొనె. పెద్ద స్టేషనేం కాదు. రైలు ఆగుతుంది, బడిపిల్లలూ చేతిసంచులు పట్టుకున్న పెద్దవాళ్లూ దిగుతారు, మళ్లీ నిశ్శబ్దం. కానీ జపాన్ డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లకు ఈ ప్లాట్‌ఫారం పుణ్యక్షేత్రం. ఆ దేశంలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన డిటెక్టివ్ కిందాయిచి కోసుకె మొట్టమొదట దిగింది ఇక్కడే. నవల ప్రకారం అది 1937 నవంబరు నెలాఖరు. నలిగిన కిమోనో, ముడతలు పడ్డ హకామా లాగు, దువ్వెన ఎరగని జుట్టు, కంగారు పడితే నత్తి. పాతికేళ్లవాడు. నది అవతలి ఊళ్లో పెళ్లి జరిగిన రాత్రే వధూవరులిద్దరూ చనిపోయారని తంతి అందుకుని వచ్చాడు.

ఆ నవల పేరు ‘హొంజిన్ హత్యలు’. రాసినవాడు సెయిషి యోకోమిజో. 1946 నాటి పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి 2019 దాకా పట్టింది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నీ రాజునీ చదువుతూ పెరిగిన నాకు అది కొత్త రుచి. మన డిటెక్టివ్ కథలు ఎక్కువగా పట్నంలో నడిచేవి: హోటలు గది, టాక్సీ, టెలిఫోను. ఇక్కడ మాత్రం వరి చేలు, వెదురు తోపు, ఊరి పెద్దింటి ప్రహరీ. చదువుతున్నంతసేపూ ఈ ఊరు కల్పించింది కాదు, ఎక్కడో ఉండే ఉంటుంది అనిపించింది. ఉంది. ఇప్పుడు దాని పేరు మాబి. 2005లో కురషికి నగరంలో కలిసింది. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు జపనీస్ బాగా మాట్లాడతాడు. వాణ్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

కియొనె నుంచి పడమటికి వెళ్తే తకహాషి నది అడ్డొస్తుంది. ఒకాయామా రాష్ట్రానికి మూడు పెద్ద నదులుంటే అందులో ఇదొకటి. కొండల్లో పుట్టి 111 కిలోమీటర్లు పారి, జపాన్ దీవుల మధ్యనున్న లోపలి సముద్రంలో కలుస్తుంది. మేం చూసినప్పుడు నీళ్లు ఒక పక్కకు ఒదిగి పారుతున్నాయి, మిగతాదంతా గులకరాళ్లూ రెల్లూ. అవతలి గట్టున కవాబె. ఒకప్పుడు క్యోటో వైపు నుంచి పడమటి రాజ్యాలకు వెళ్లే రాజమార్గం మీద ఇది మజిలీ ఊరు. పడవల రేవూ ఇక్కడే. షోగున్‌లు ఏలిన ఎదో యుగంలో ప్రాంతీయ ప్రభువులు ఏడాది విడిచి ఏడాది షోగున్ రాజధానిలో ఉండాలనే కట్టడి ఉండేది. పరివారంతో సహా వాళ్లు ఈ దారిన వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. దారిలో ప్రభువు దిగడానికి ప్రతి మజిలీలోనూ ఒక కుటుంబానికి హక్కుండేది. ఆ ఇల్లే హొంజిన్. అది సత్రం కాదు, డబ్బిచ్చినా మామూలువాళ్లకు గది దొరకదు. మా గుమ్మంలో ప్రభువులు దిగుతారు అన్న మాటే ఆ ఇంటివాళ్లకు అసలైన ఆస్తి.

ఆ హొంజిన్ చూద్దామని కవాబె వీధుల్లోకి వెళ్తే కనిపించేది దాని గుర్తు మాత్రమే. 1893లో నది పొంగి ఊరిని ఊడ్చుకుపోయింది. హొంజిన్ భవనం కూడా ఆ వరదలోనే పోయింది. అంటే యోకోమిజో నవల రాసేనాటికి ఇక్కడ ఆ ఇల్లు లేదు. ఇల్లు పోయి యాభై ఏళ్లయినా, ఫలానావాళ్లు హొంజిన్‌వాళ్లు అనే మాట ఊళ్లో మిగిలి ఉంటుంది. రచయితకు ఆ మాట చాలు. నవలలో ఇచియనాగి కుటుంబం హొంజిన్ వంశం. ప్రభువులు రావడం ఆగిపోయి తరాలు దాటింది, ఇంట్లోవాళ్లు మాత్రం ఇంకా ఆ ప్రభువుల కోసం సర్దుకుని కూర్చున్నట్టే బతుకుతుంటారు.

యోకోమిజో ఈ ఊళ్లో పుట్టలేదు. 1902లో కోబె రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రిది మాత్రం ఇక్కడికి దగ్గరే, నదికి దిగువనున్న యనాయిహరా. టోక్యోలో పత్రికా సంపాదకుడిగా, రచయితగా పేరు తెచ్చుకున్నాడు. క్షయ పట్టుకుంటే 1934 నుంచి అయిదేళ్లు నగానో కొండల్లో సువా సరస్సు ఒడ్డున ఉండి కోలుకున్నాడు. ఆ సరస్సే పేరు మార్చుకుని తర్వాత ‘ఇనుగామి వంశం’ నవలలోకి వచ్చింది. యుద్ధం ముదిరాక డిటెక్టివ్ కథలకు కాలం చెల్లింది. శత్రుదేశాల సరుకు, జనాన్ని పాడుచేసే రాతలు అన్నారు. తోటి డిటెక్టివ్ రచయిత ఎదొగావా రంపో కథ ఒకదాన్ని నిషేధించారు. యోకోమిజో పాతకాలపు పోలీసు కథలు రాసుకుంటూ రోజులు గడిపాడు. అమెరికన్ డిటెక్టివ్ రచయిత జాన్ డిక్సన్ కార్ నవలలు సంపాదించి చదువుకున్నాడు. లోపల గడియ పెట్టిన గదిలో శవం, బయటికి దారి లేదు. అలాంటి కథ జపాన్ ఇంట్లో నడపగలనా అన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. టోక్యో మీద బాంబులు పడుతుంటే 1945 ఏప్రిల్లో భార్యాపిల్లలతో రైలెక్కి, బంధువులు చూసిపెట్టిన ఖాళీ ఇంటికి వచ్చి దిగాడు. ఆయనకు రైలంటే భయం. ఊళ్లు తిరిగి చూసి రాసే రచయిత కాదు. కాలు నిలిపిన చోటు నుంచే కథలు పిండుకున్నాడు.

ఆ ఇల్లు ఒకాదా అనే పల్లెలో ఉంది. ఇప్పుడు మాబిలో భాగం. ఒకాదా కూడా సామాన్యమైన ఊరు కాదు, ఇతో వంశం ఏలిన పదివేల కొకుల బియ్యం ఆదాయమున్న చిన్న సంస్థానానికి కేంద్రం. సంస్థానం అనగానే కోట ఊహించుకోవద్దు. కొండ వాలులో ఇళ్లు, వాటి కింద చేలు, వెనకాల వెదురు. మాబి వెదురు మొలకలకు పేరు. వసంతంలో ఈ చుట్టుపక్కల బజార్లలో అవే కనిపిస్తాయి. రచయిత ఉన్న ఇంటిని ఊరివాళ్లు జాగ్రత్తగా నిలబెట్టుకున్నారు. వారంలో కొన్ని రోజులు తెరిచి ఉంచుతారు. మేం వెళ్లిన రోజు ఇల్లు చూసుకుంటున్నావిడ డెబ్భై దాటిన మనిషి. మేం భారతదేశం నుంచి వచ్చామని వినగానే లోపలికి రమ్మని, ముందు టీ పోసి, తర్వాతే ఇల్లు చూపించడం మొదలుపెట్టింది.

పెంకుటిల్లు. ముందు పొడుగాటి చెక్క వసారా, లోపల చాపలు పరిచిన గదులు. గదికీ గదికీ మధ్య కాగితం తలుపులు. పక్కకు తోస్తే రెండు గదులు ఒకటైపోతాయి. నేను మా వాడితో అడిగించాను, ఇలాంటి ఇంట్లో గడియ పెట్టిన గది ఎక్కడి నుంచి వస్తుందని. వేలితో పొడిస్తే చిరిగే తలుపు కదా. ఆవిడ నవ్వి, మమ్మల్ని వసారా చివరికి తీసుకెళ్లింది. అక్కడ గోడకు ఆనించిన చెక్కపెట్టెలాంటి దాంట్లోంచి ఒక పలకను బయటికి లాగింది. మనిషెత్తు చెక్కపలక. వసారా అంచున ఉన్న గాడిలో అది కరకరమంటూ జారుకుంటూ వెళ్లింది. దాని వెనకే ఇంకొకటి. రెండో పలక వచ్చేసరికి తోట సగం మాయమైంది, గది చీకటి పడింది. ఇవి వాన తలుపులు. రాత్రిళ్లు, గాలివానల్లో ఇంటి చుట్టూ వేస్తారు. చివరి పలకకు లోపలి నుంచి బిగింపు ఉంటుంది.

“మామయ్యా, ఈవిడ ఏమంటున్నారంటే, పగలు ఇల్లంతా ఊరికి తెరిచే ఉంటుందట. రాత్రి ఈ తలుపులు పడ్డాక లోపల ఏం జరిగేదీ పక్కింటివాళ్లకు కూడా తెలియదట” అన్నాడు మా వాడు.

నవలకు పునాది ఆ మాటలోనే ఉంది. పెళ్లి రాత్రి, తోటలోని విడిది ఇల్లు. వాన తలుపులన్నీ మూసి ఉన్నాయి. బయట మంచు పడింది. తెల్లవారుజామున కేకలు, వాటి వెంటే కోతో వాద్యం తీగలు ఎవరో పిచ్చిగా మీటుతున్న చప్పుడు. తలుపు పగలగొట్టి చూస్తే లోపల ఇద్దరూ రక్తంలో ఉన్నారు. కతానా కత్తి బయట తోటలో, మంచులో దిగబడి ఉంది. మంచు మీద బయటికి వెళ్లిన అడుగుజాడ లేదు. ఎలా జరిగిందో ఇక్కడ చెప్పను, చదవబోయేవాళ్ల సంతోషం పాడుచేయకూడదు. ఒక్కటి చెప్పొచ్చు. ఆ చిక్కుముడిలో వాడిన వస్తువులన్నీ ఇలాంటి ఊళ్లో, ఇలాంటి ఇంట్లో సహజంగా ఉండేవే. పైనుంచి తెచ్చిపెట్టింది ఏదీ లేదు.

1945 ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో ఓటమి ప్రకటించినప్పుడు యోకోమిజో ఈ ఊళ్లోనే విన్నాడు. ఇక నా పని మొదలవుతుంది అని మనసులో ఉప్పొంగిపోయానని తర్వాత రాసుకున్నాడు. దేశమంతా కూలబడిన క్షణంలో ఒక రచయిత అలా అనుకోవడం మొదట నాకు ఇబ్బందిగా తోచింది. ఆ ఇంటి వసారాలో కూర్చుంటే అర్థమైంది. అన్నేళ్లు నోరు నొక్కేసిన మనిషికి మాట తిరిగొచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్లోనే ‘హోసెకి’ అనే కొత్త పత్రిక మొదటి సంచికలో ‘హొంజిన్ హత్యలు’ ధారావాహికగా మొదలై డిసెంబరుకు ముగిసింది. 1948లో జపాన్ డిటెక్టివ్ రచయితల సంఘం మొట్టమొదటి బహుమతి దానికే ఇచ్చింది.

అది ఎలా సాధ్యమైందో చెప్పాలంటే ఊరి గురించి చెప్పాలి. పట్నం నుంచి వచ్చి పల్లెలో తలదాచుకున్న కుటుంబం బియ్యానికీ కూరగాయలకూ ఇరుగుపొరుగు మీద ఆధారపడక తప్పదు. యోకోమిజో చేల గట్ల మీద తిరుగుతూ తనలో తాను గొణుక్కునేవాడు. సాయంత్రాలు పొరుగువాళ్లు వచ్చి కూర్చునేవారు. ఈయన కథలు రాసేవాడని తెలిశాక తలా ఒక కథ తెచ్చారు. ఫలానా ఇంట్లో పెద్దకొడుకుని కాదని చిన్నవాడికి ఆస్తి ఎందుకు పోయింది, ఆ సమాధి మీద పేరెందుకు లేదు, ఆ దీవిలో రెండు కుటుంబాలు ఎందుకు మాట్లాడుకోవు. నవల మొదట్లో కథ చెప్పే రచయిత కూడా యుద్ధం వల్ల వలస వచ్చినవాడే. డిటెక్టివ్ రచయిత వచ్చాడని తెలిసి ఊళ్లో ప్రతివాళ్లూ ఆ హత్యల సంగతి తనకు చెప్పారంటాడు. హత్య కల్పితం, చెప్పించుకున్న తీరు మాత్రం ఆయన బతుకే.

పల్లె అనగానే మర్మకథకు పొగమంచూ పాడుబడ్డ గుడీ ఇస్తుందనుకుంటాం. ఒకాదా ఇచ్చింది అంతకంటే విలువైనది, ఎవరు ఎవరికి ఏమవుతారన్న లెక్క. పెద్దిల్లు ఏది, దాని నుంచి విడిపోయిన చిన్నిళ్లు ఏవి, ఎవరు ఎవరి భూమి కౌలుకు చేస్తారు, ఎవరి ముందు ఎవరు కూర్చోరు. నవలలో పెళ్లికూతురు కత్సుకో చదువుకున్న పిల్ల, ఉపాధ్యాయురాలు. ఆమె తండ్రీ బాబాయీ కౌలురైతులుగా ఉండి, అమెరికా వెళ్లి పండ్లతోటల పని నేర్చుకుని వచ్చి, సొంత తోటతో బాగుపడ్డారు. ఒకాయామా పీచు పళ్లకూ ద్రాక్షకూ పేరుపొందిన సీమ, కాబట్టి అదీ నేల మీది నిజమే. అయినా హొంజిన్ ఇంటివాళ్లకు ఆమె కౌలురైతు కూతురే. పెళ్లి వద్దని కుటుంబమంతా ఎదురు తిరుగుతుంది, పెద్దకొడుకు పట్టు విడవడు. తెలుగువాడికి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా ఇలాంటి పెళ్లి కథ ఒకటి దొరుకుతుంది.

ఇంకో సంగతి ఆ నవలకు బరువు తెచ్చింది. యోకోమిజో అది రాస్తున్న 1946లోనే భూసంస్కరణ చట్టం వచ్చింది. పెద్దిళ్ల భూములు కౌలుదార్ల చేతికి వెళ్లడం మొదలైంది. మరుసటి ఏడాది పౌరస్మృతిని సవరించి, ఇంటి పెద్దకు సర్వాధికారం ఇచ్చే పాత కుటుంబ వ్యవస్థను తీసేశారు. అంటే హొంజిన్ ఇంటి గర్వం చట్టప్రకారం చచ్చిపోతున్న ఘడియలో ఆయన దాని మీద డిటెక్టివ్ నవల రాశాడు. హంతకుడెవరు అన్న ప్రశ్న కింద ఈ ఇల్లు ఇన్నాళ్లు ఏం చేసింది అన్న ప్రశ్న దాగి ఉంది. అందుకే అది ఇప్పటికీ పాతబడలేదు.

ఇంటి వెనక నుంచి నడిచే దారి ఉంది. దాని వెంట అక్కడక్కడా ఆయన నవలల పాత్రల విగ్రహాలు పెట్టారు. కాస్త పైకి వెళ్తే ఒకాదా పెద్ద చెరువు. లోపలి సముద్రం ఒడ్డున ఉన్న ఈ సీమలో వాన తక్కువ, మంచు ఇంకా తక్కువ. అందుకే అడుగడుగునా చెరువులు తవ్వుకున్నారు. కట్ట మీద నిలబడి చూస్తే తూము, తూము కింద కాలువ, కాలువ కింద మళ్లు. అనంతపురం జిల్లాలో చిన్నప్పుడు చూసిన చెరువుకట్ట మీద నిలుచున్నట్టే ఉంది. నీళ్లు ఎవరి మడికి ముందు వెళ్లాలన్న దగ్గరే పల్లెల్లో సగం పగలు పుడతాయి. ఒకాదా అందుకు మినహాయింపు అయి ఉంటుందని నేననుకోను.

ఆ దగ్గర్లోనే కోయిచా అనే చిన్న గుడి. గుడి అంటే మనిషి నడుమెత్తు మందిరం. ‘ఎనిమిది సమాధుల ఊరు’ నవలలో ఊరిని తిట్టిపోస్తూ తిరిగే సన్యాసిని పేరు ఇక్కడి నుంచి వచ్చింది. ఇంకొంచెం దూరంలో సెంకోజి అనే బౌద్ధ మఠం ఉంది. అదే పేరు ‘గొకుమోన్ దీవి’ నవలలో సముద్రం మధ్య ఉన్న దీవి మీదికి వెళ్లింది. ఆయన పద్ధతి ఇక్కడ తేటతెల్లంగా కనిపించింది. ఊరి నుంచి పేరు తీసుకుంటాడు, దాన్ని ఇంకో చోట నాటుతాడు. ఒకరి ఇల్లు, ఇంకొకరి కథ, మూడో చోటి గుడి. మూడూ కలిపాక ఎవరూ ఇది మా గురించే అని వేలెత్తి చూపలేరు. హొంజిన్ నవలలో ఊరి పేర్లు కూడా పూర్తిగా రాయలేదు. మొదటి అక్షరం ఇచ్చి మిగతాది గీతగా వదిలేశాడు. బియ్యం పెట్టిన ఊరి పట్ల ఆ గీత ఒక మర్యాద అనిపించింది నాకు.

దీవి కథకూ మూలం వినికిడే. కసవోకా తీరాన ఉన్న చిన్న దీవుల్లో పంతులుగా పనిచేసిన ఒక స్నేహితుడు అక్కడి చేపల కుటుంబాల సంగతులు చెప్పేవాడు. ఆ దీవుల్లో రోకుషిమాయే గొకుమోన్ దీవికి మూలమని చాలామంది అంటారు. ప్రయాణమంటే బెదిరే మనిషి ఇంకొకరి నోట విన్న దీవిని అంత కచ్చితంగా రాయగలిగాడంటే, వినడంలో ఆయన ఎంత శ్రద్ధ పెట్టి ఉండాలి!

కవాబెలో దొరకని హొంజిన్‌ను చూడడానికి ఇబారా రైలెక్కి పడమటికి యకాగె వెళ్లాం. మజిలీ ఊరి వీధి ఇక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. హొంజిన్, దానికి తోడుగా ఉండే రెండో విడిది, రెండూ దేశపు ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తింపు పొందిన మజిలీ జపాన్ మొత్తం మీద ఇదొక్కటే. ఇషీ కుటుంబం సాకె మద్యం తయారుచేసే వ్యాపారం చేస్తూ ప్రభువులకు విడిది ఇచ్చింది. వీధి వైపు దుకాణం, వెనక గోదాములు. పక్కన ప్రభువు కోసం విడిగా ఒక ద్వారం. ఇంటివాళ్లు కూడా ఆ ద్వారంలోంచి నడవరు. లోపల గది తర్వాత గది దాటుకుంటూ వెళ్తే చివర ఒక గది నేల మిగతా గదుల కంటే ఎత్తుగా ఉంది. పెద్ద ఎత్తేం కాదు, ఒక్క మెట్టు. ప్రభువు కూర్చునేది అక్కడ. నేను ఆ మెట్టు ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఇంటి యజమాని తన సొంత ఇంట్లో ఆ మెట్టు ఎక్కడు. కానీ ఆ మెట్టు తన ఇంట్లో ఉందన్న కారణంగానే ఊళ్లో అందరికంటే ఎత్తులో ఉంటాడు. నవలలోని ఇచియనాగివాళ్లను అర్థం చేసుకోవడానికి వందల పేజీల చరిత్ర కంటే ఆ చెక్కమెట్టు ఎక్కువ సాయపడింది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ కవాబె మీదుగా వచ్చాం. పొద్దున గమనించని విషయం అప్పుడు కళ్లబడింది. ఇళ్లు చాలావరకు ఒకే ఈడువి, కొత్తవి. మధ్య మధ్య ఖాళీ స్థలాలు. 2018 జులైలో పడమటి జపాన్ అంతటా కుండపోత వానలు కురిసినప్పుడు, తకహాషి నది నిండి, తనలో కలిసే ఒదా నది నీటిని వెనక్కి తోసింది. గట్లు తెగాయి. మాబిలో 1,200 హెక్టార్లు మునిగింది. లోతు కొన్నిచోట్ల అయిదు మీటర్లు. 51 మంది చనిపోయారు. ఎక్కువమంది పైఅంతస్తుకు ఎక్కలేని వృద్ధులు. 1893లో హొంజిన్‌ను తీసుకెళ్లిన నదే మళ్లీ వచ్చింది. తర్వాత ప్రభుత్వం ఒదా నది తకహాషిలో కలిసే చోటును దిగువకు మార్చింది. కొత్త కాలువ వెళ్లేది యనాయిహరా మీదుగా, యోకోమిజో తండ్రి పుట్టిన ఊరి మీదుగా. నవల కోసం ఈ ఊరికి వచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకోకుండా వెళ్లడం న్యాయం కాదు. ఇక్కడివాళ్లకు మరణం కథ కాకముందే తెలుసు.

ఇదే ఆలోచన ఉత్తరాన కొండల్లోకి వెళ్లినప్పుడు ఇంకా గట్టిపడింది. ఫుకియా అనే ఊరు ఎర్రటి ఇళ్లతో మెరిసిపోతుంది. ఇనుము నుంచి తీసే ఎర్రరంగు తయారీ దాని పాత వృత్తి. దానికి దగ్గర్లో హిరొకానె భవంతి ఉంది. రాతిగోడల మీద కోటలా లేచిన ఇల్లు. 1977లో ‘ఎనిమిది సమాధుల ఊరు’ సినిమా తీసినప్పుడు భూస్వామి ఇల్లుగా దీన్నే చూపించారు. ఆ నవలకు ఒక భయంకరమైన నిజం ఆధారం. 1938 మే నెలలో, త్సుయామా దగ్గరి కాయో పల్లెలో, ఇరవయ్యొక్కేళ్ల యువకుడు ఒక్క రాత్రిలో 30 మందిని చంపి తానూ చనిపోయాడు. యోకోమిజో ఆ ఘటనను ఉన్నదున్నట్టు రాయలేదు. 1566 నాటి ఎనిమిదిమంది యోధుల శాపం అల్లి, హత్యల సంఖ్య మార్చి, ఊరిని సరిహద్దు కొండల్లోకి జరిపాడు.

త్సుయామా అక్కడికి మరీ దూరం కాదు. వెళ్దామా అని మా వాడు అడిగాడు. వద్దన్నాను. హిరొకానె భవంతి టిక్కెట్టు పెట్టి పిలుస్తోంది, ఒకాదా టీ ఇచ్చి పిలుస్తోంది. కాయో ఎవరినీ పిలవలేదు. అక్కడ చనిపోయినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇంకా బతుకుతూ ఉండొచ్చు. నవల ఆ గాయానికి ముసుగు వేసింది. ఆ ముసుగు ఎత్తి చూసే హక్కు పాఠకుడికి లేదని నా నమ్మకం.

ఒకాదా మాత్రం తన కథను తనే చేతుల్లోకి తీసుకుంది. 1971 నుంచి యోకోమిజో నవలలు చవక ముద్రణల్లో మళ్లీ వచ్చి లక్షల్లో అమ్ముడుపోయాయి. 1976లో కోన్ ఇచికావా తీసిన ‘ఇనుగామి వంశం’ సినిమాతో దేశమంతా కిందాయిచి జ్వరం పట్టుకుంది. రచయిత 1981 డిసెంబరులో చనిపోయాడు. ఊరు ఆయన్ను మరిచిపోలేదు. 2009 నుంచి నవంబరులో ఒక వేడుక చేస్తున్నారు. దాని పేరే ‘వెయ్యిమంది కిందాయిచి కోసుకెలు’. ఎక్కడెక్కడి పాఠకులో నలిగిన హకామాలు కట్టుకుని, జుట్టు రేపుకుని, కొందరు హంతకుల వేషంలో, కొందరు శవాల వేషంలో కియొనెలో దిగి ఈ ఇంటి దాకా నడుస్తారు. ఆ నడక గురించి చెప్తున్నప్పుడు ఇల్లు చూపించినావిడ ముఖం వెలిగిపోయింది. ఇంటి ముందు టీ పోసేది, దారి చూపేది ఊరివాళ్లే. తమ తాతలు సాయంత్రాలు వచ్చి చెప్పిన కబుర్లకు ఇది వడ్డీ అనుకుంటున్నారేమో. అంత గర్వంగా చెప్పింది.

తెలుగులో మర్మకథలు రాయాలనుకునే కుర్రవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, ఏ ఊరైతే బాగుంటుంది సార్ అని. అడవి పక్క ఊరా, పాడుబడ్డ కోట ఉన్న ఊరా అని. ఈ యాత్ర తర్వాత నా దగ్గర ఒకటే జవాబు ఉంది. కోట ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. ఏ ఊళ్లోనైనా ఎవరింటి అరుగు ఎత్తుగా ఉందో, ఎవరు దాని మీద కూర్చోరో, గట్టు తగాదా ఎప్పుడు మొదలైందో, ఏ పెళ్లి గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారో తెలిస్తే కథ మొదలైనట్టే. అది సెలవుల్లో వెళ్లి ఫొటోలు తీసుకొస్తే తెలియదు. ఆ ఊళ్లో ఏడాదైనా అద్దెకుండాలి, పొరుగింట అప్పుసప్పులు చేయాలి, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఓపిక పట్టాలి. చెప్పాక, ఎవరి ముఖమూ బయటపడకుండా, నిజం మాత్రం బయటపడేలా రాయాలి.